షట్టరు పక్క పిల్లరు

అనకాపల్లి ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు. మధ్యాహ్నం చూడ్డానికి వచ్చేవాళ్ళని లోపలికి వదిలే వేళ. కిటికీ పక్క మంచం మీద, తొడ దాకా కట్టుతో లారీ డ్రైవరు పోతురాజు పడుకుని ఉన్నాడు. అతని భార్య నూకరత్నం మంచం పట్టీ మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కృపాజ్యోతి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆమె ఎవరో వాళ్ళకింకా తెలియదు.

"నిద్దరోయేడని సెప్పేసేం గదమ్మా. పోలీసులకి సెప్పేం, ఇన్సూరెన్సు బాబుకి సెప్పేం. మళ్ళీ మీరొచ్చి అడిగితే మాత్రం కొత్తగా ఏటి సెప్తాడు?"

"మీరు కాదు నూకరత్నం గారూ. ఆయన్ని చెప్పనివ్వండి."

"ఆయన మాటాడితే ఆయాసమొత్తాదమ్మా. పక్కటెముకలు ఇరిగిపోనాయి. డాట్రుగారు మాటాడించొద్దన్నారు."

"ఎక్కువ మాట్లాడించను. పోతురాజు గారూ, మీరు నిజంగా నిద్రపోయేరా?"

"పోయేనండి."

"ఎక్కడ?"

"ఎక్కడంటే... బండి మీదేనండి."

"బండి మీదేనని తెలుసు. రోడ్డు మీద ఎక్కడ? బ్రిడ్జి ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడు గావాలండి. నిద్దరోయినోడికి ఎక్కడ పోయేడో ఏటి తెలుత్తాది?"

"తెల్లారిపోయింది కదా అప్పటికే. ఎండ మొహం మీద కొడుతూ ఉంటుంది ఆ దిగుడులో."

"రాత్రంతా తోలేనండి. అందుకే..."

"ఎక్కడి నుంచి తోలేరు రాత్రంతా?"

"దేవరాపల్లి నించండి. బెల్లం లోడు."

"దేవరాపల్లి నుంచి అనకాపల్లి రావడానికి రాత్రంతా పడుతుందా?"

"అంటే... లోడెత్తేసరికి ఆలీసమైపోనాది."

"అమ్మా, మీరు ప్లీడరా?"

"కాదు."

"మరి ఎవరమ్మా? ఒచ్చిన కాడ్నించీ ఇలగ గుచ్చి గుచ్చి అడుగుతన్నారు?"

"కాలేజీలో ఫిజిక్సు చెప్తాను."

"ఏటి సెప్తారు?"

"ఫిజిక్సు. ఒక వస్తువు ఎలా కదులుతుంది, ఎలా ఆగుతుంది, ఆగినప్పుడు ఏమవుతుంది. అది."

"దానికీ మా ఆయనకీ ఏటమ్మా సమ్మందం?"

"మీ ఆయన లారీ మా ఆయన షాపులో ఆగింది. కుట్టుమిషన్ల జాకబ్. నేను ఆయన భార్యని. నా పేరు కృపాజ్యోతి."

"అయ్యో... అమ్మా... నాకు తెల్దమ్మా. తెలిత్తే ఇలగ మాటాడుదునా? ఇలగివ్వమ్మా కాళ్ళు..."

"వద్దు. లేవండి. నూకరత్నం గారూ, లేవమంటున్నాను. అందరూ చూస్తున్నారు. కాళ్ళు పట్టించుకోడానికి రాలేదు నేను."

"రత్నం, నువ్వు బయటికెల్లు."

"నానెల్లను. నానెల్తే నువ్వేటి వాగుతావో. త్రినాధరావుగారు ఏటి సెప్పేరు? ఎవులొచ్చి అడిగినా ఒకటే మాట..."

"ఓలె, ఊరుకో!"

"త్రినాధరావు గారెవరు?"

"ఓనరండి. బండి ఆరిది."

"ఏం చెప్పేరు ఆయన?"

"ఏటీ నేదండి. ఒళ్ళు జాగర్త అన్నారు."

"సరే. నేను చెప్తాను, మీరు వినండి. తప్పయితే తప్పని చెప్పండి. మావాళ్ళు నన్ను సమాధి దగ్గరికి వెళ్ళి పువ్వులు పెట్టి రమ్మంటారు. నేను ఆ రోడ్డు మీదికి వెళ్తున్నాను. కాలేజీ అవగానే రోజూ వెళ్తున్నాను. చుట్టుపక్కల షాపుల వాళ్ళు నాకు మతి చలించిందనుకుంటున్నారు. టేపు పట్టుకుని రోడ్డు కొలిచే ఆడదాన్ని చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు."

"ఎందుకండీ కొలవడం?"

"బ్రేకు వేస్తే టైరు తిరగడం ఆగిపోయి రోడ్డు మీద జారుతుంది. నల్లగా తిన్నగా గీతలు పడతాయి. అవి ఎక్కడా లేవు."

"నిద్దరోయినోడు బ్రేకేటేత్తాడమ్మా?"

"మొదటి రోజు నేనూ అదే అనుకున్నాను నూకరత్నం గారూ. పోలీసులూ అదే రాసుకున్నారు. కానీ ఇంకో గీత ఉంది. వంకర గీత. బండి జోరు మీదుండగా స్టీరింగు ఒక్కసారి గట్టిగా కోసి తిప్పేస్తే, టైరు పక్కకి ఒరుసుకుంటూ పోయి పడే గీత. నిద్రలో ఉన్న మనిషి చెయ్యి మెల్లగా జారుతుంది. బండి మెల్లగా పక్కకి వాలుతుంది. మీ బండి వాలలేదు. తిరిగింది. ఎవరు తిప్పేరు? పోతురాజు గారూ, మిమ్మల్నే."

"గురుతు నేదండి."

"ఎంత స్పీడులో ఉన్నారో గుర్తుందా?"

"నలభై అండి. నలభై దాటి నానెప్పుడూ ఊళ్ళోకి రాను."

"నలభై కాదు. షాపు మెట్ల పక్క ఇటుకల పిట్టగోడ ఉండేది. మా ఆయన కట్టించిందే, కస్టమర్లు కూచోడానికి. మీ బంపరు ముందు దాన్ని కొట్టింది. ఆ ఇటుకలు పక్క సందులో ఎంత దూరం ఎగిరిపడ్డాయో కొలిచేను. అంత ఎత్తు నుంచి కింద పడ్డానికి ఏ వస్తువుకైనా ఒకటే సమయం పడుతుంది. మీ ఇటుకైనా, నా ఇటుకైనా. ఆ కాస్త సమయంలో అంత దూరం పోయిందంటే ఎంత వేగంగా బయల్దేరిందో తెలిసిపోతుంది. అరవై దాటి ఉన్నారు మీరు."

"నలభైకీ అరవైకీ ఎంతలే అమ్మా తేడా..."

"అలా అనుకునే అందరూ తొక్కుతారు. నలభైలో కొట్టే దెబ్బకి అరవైలో కొట్టే దెబ్బ రెండింతల పైన. ఎనభైలో కొడితే నాలుగింతలు. వేగం ఊరికే పెరగదు, దెబ్బని గుణించుకుంటూ పెరుగుతుంది. ఏడాదికి రెండు సెక్షన్లకి చెప్తాను ఈ పాఠం. బోర్డు మీద లారీ బొమ్మ వేసి చెప్తాను."

"అమ్మా, మీ దుక్కం నాకు తెలుత్తాది. కానీ ఈ లెక్కలెందుకమ్మా? లెక్కలేత్తే ఆ బాబు తిరిగొత్తాడా?"

"రాడు. లెక్క వదిలేస్తే నా దగ్గర ఇంకేమీ లేదు నూకరత్నం గారూ. ఇంట్లో మా అత్తగారు శాంతమ్మగారు ఒకటే మాట. 'ఆ డ్రైవరు మావాణ్ణి చూసేడా జ్యోతీ? చూసి కూడా కొట్టేడా?' అని. అన్నం పెడితే అదే మాట, మంచం వేస్తే అదే మాట. చర్చిలోనేమో దేవుడి చిత్తం అంటారు. దేవుడి చిత్తమైతే స్టీరింగు ఎందుకు తిప్పాలి ఈయన?"

"నాను తిప్పనేదండి..."

"తిప్పేరు. తిప్పి, దేన్ని కొట్టేరు? ముందర షట్టరు ఉంది. ఇంత వెడల్పు షట్టరు, రెండు బళ్ళు పక్కపక్కన పోవచ్చు. దాని పక్కన మూల పిల్లరు. మూరెడు వెడల్పు. మీరు షట్టరు వదిలేసి వెళ్ళి పిల్లరుని కొట్టేరు. తిన్నగా బోనెట్టు మధ్యకి పిల్లరు వచ్చేలా కొట్టేరు. నిద్దట్లో అంత గురి కుదురుతుందా?"

"ఎలాగైతే ఏటమ్మా, కొట్టేడు గదా..."

"ఎలాగైతే ఏంటా? అక్కడే ఉంది అంతా! పిల్లరు పైనుంచి వచ్చే బరువు మొయ్యడానికి కడతారు. పైన ఇంకో అంతస్తు వేసినా మోస్తుంది. కానీ పక్క నుంచి, కింద మోకాలెత్తులో కొడితే? నెత్తి మీద నీళ్ళ బిందెతో నడిచేవాళ్ళని మోకాళ్ళ మీద కర్రతో కొట్టినట్టు. బిందె ఏమవుతుంది చెప్పండి?"

"అమ్మా..."

"అదే షట్టరుని కొడితే రేకు నలిగేది. వెనకాల కుట్టుమిషన్లు ఉన్నాయి, పాత ఇనప మిషన్లు, స్టాండ్లు, వరసలు వరసలు. వాటిని తోసుకుంటూ, నలుపుకుంటూ పోయి పోయి లారీ బలం చచ్చిపోయేది. ఆగడానికి చోటు ఉండాలి. చోటుంటే దెబ్బ చిన్నదైపోతుంది. మేడ మీంచి దూకిన కుర్రాడు ఇసక గుట్ట మీద పడితే లేచి దులుపుకుంటాడు. అదే ఎత్తు నుంచి బండ మీద పడితే కాలు విరుగుతుంది. పిల్లరు మీకు చోటివ్వలేదు. రెప్పపాటులో ఆపబోయింది, ఆపలేక తెగిపోయింది. దాని మీద కూచున్న దూలం జారింది. స్లాబు మూల దిగిపోయింది. ఆ మూలన..."

"తాగండమ్మా, కాసిన్ని నీళ్ళు..."

"వద్దు. ఆ మూలనే ఆయన బల్ల. పిల్లరు వెనక. వెనక తలుపు తీసుకుని పొద్దున్నే వచ్చేస్తాడు. షట్టరు ఎత్తితే జనం వచ్చేస్తారు జ్యోతీ, కాసేపు నా మిషన్లతో నన్నుండనీ అంటాడు. ఒక్కో మిషనుకీ నూనె పెడుతూ కూనిరాగం తీస్తూ ఉంటాడు. మీరు షట్టరు వైపు పోయి ఉంటే మిషన్లన్నీ నాశనం అయ్యేవి. ఆ మూలకి దుమ్ము వచ్చేది. అంతే. దుమ్ము దులుపుకుని నాకు ఫోన్ చేసేవాడు, మిషన్లన్నీ పోయేయి జ్యోతీ అని ఏడుస్తూ. మీ లారీ ఆయన్ని తాకను కూడా తాకలేదు. తెలుసా మీకు? ఆయన బల్ల దాకా రానే లేదు."

"...రానేదా?"

"రాలేదు. స్లాబు కింద పోయేడు."

"నాను... నా బండి కిందే పడిపోనారనుకున్నానండి. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. సట్టరు దించుంటే లోపల మనిసున్నాడని నాకేటి తెలుసండీ..."

"ఏమన్నారు?"

"మావా!"

"ఏమన్నారు పోతురాజు గారూ? షట్టరు దించి ఉందన్నారు."

"ఆయనకి జొరమమ్మా. పొద్దున్నించీ ఏటేటో మాటాడుతన్నాడు. మావా, నువ్వు పడుకో. అమ్మా, మీరు ఎల్లిపోండి. దండం పెడతాను."

"షట్టరు దించి ఉండడం చూసేరు. నిద్దట్లో చూసేరా?"

"మావా, ఒద్దు. నా మీద ఒట్టు. ఓనరు మనిసి సెప్పింది గురుతు తెచ్చుకో."

"ఊరుకో రత్నం. ఇంక నా వల్ల గాదు. ఈ గుండెల్లో ఎముకలిరిగితే కట్టేసేరు గానీ, అదేటో లోపల గుచ్చుతానే ఉన్నాది. మేడం, నాను నిద్దరోనేదండి. బ్రేకు పడనేదండి. బ్రిడ్జి దిగుతా తొక్కేను, పట్టనేదు. మళ్ళీ తొక్కేను, నేదు. గేరు దించుదామంటే పడదు. హేండ్ బ్రేకు లాగితే ఊరికే సేతిలోకొచ్చీసినాది. నిండా బెల్లం దిమ్మలండి. దిగువ. బండి నన్ను తోలుకుపోతన్నాది గానీ నాను బండిని తోలడం నేదు."

"హారను కొట్టేరా?"

"కొడతానే ఉన్నానండి. హారనుకి ఎవులు జరుగుతారండీ ఆ రోడ్డులో? హారను కొట్టనోడెవడు? ఎదరగా బస్టాపు. కంపెనీ బస్సు కోసం ఆడోళ్ళు నిలబడున్నారు, కేరేజీలట్టుకుని. ఆళ్ళ ముందర స్కూలు ఆటో. పిల్లలెక్కుతన్నారు. ఒక బుడ్డది బేగు జారిపోతే ఒంగి తీసుకుంటన్నాది. ఎర్ర రిబ్బన్లండి. అది నాకు కనిపించీసినాది. అంత దూరం నించి ఎలగ కనిపించినాదో నాకు తెల్దు."

"కుడి పక్కకి..."

"కుడి పక్కన ఆర్టీసీ బస్సు ఎదురొత్తన్నాది. నిండుగా. కుడికెల్తే అందరూ. తిన్నగా ఎల్తే పిల్లలు. ఎడం పక్కన షాపులు. మిగతా షాపులు తీసున్నాయి, టిఫిను బండి కాడ జనం. ఒక్క మీ షాపే సట్టరు దించున్నాది."

"దించి ఉంది."

"తిప్పేసేనండి. తిప్పుతాంటే ఇంకోటి తట్టినాది. సట్టరెనకాల ఎవులన్నా తొంగున్నారేమో అని. శానా షాపుల్లో కుర్రోళ్ళు లోపలే పడుకుంటారు గదండీ. నానూ కుర్రప్పుడు అలగే పడుకునీవోణ్ణి, టైర్ల షాపులో. అందికని పిల్లరు కేసి కోసేను. పిల్లర్లో మనుసులుండరు గదండీ. పిల్లర్ని కొడితే బండి ఆగిపోద్ది, పోతే నాను పోతాను అనుకున్నాను. రత్నం అగుపించినాది. అంతేనండి. కళ్ళు తెరిసేసరికి ఇక్కడున్నాను."

"పిల్లర్లో మనుషులుండరని."

"అవునండి."

"షట్టరు వెనక ఎవరైనా ఉంటే... వాళ్ళు బతకాలని."

"అవునండి."

"అమ్మా, ఏటమ్మా అలగైపోనారు? కళ్ళు తిరుగుతన్నాయా? ఈ బత్తాయి తొన ఏసుకోండి."

"ఆ వంకర గీత బస్టాపు ముందే మొదలైంది నూకరత్నం గారూ. చూసేను. రోజూ చూసేను. అక్కడ నిలబడి మా షాపు వైపు ఎంత దూరమో కొలిచేను. తిరిగి బస్టాపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా వెనకాలే ఆడవాళ్ళు కేరేజీలు పట్టుకుని నిలబడి ఉండేవారు, నేను కొలుస్తున్నంతసేపూ."

"మీరేటి సేత్తారమ్మా, మీ దుక్కంలో మీరున్నారు."

"మరి ఈ మాట పోలీసులకి ఎందుకు చెప్పలేదు? నిద్రపోయేనని ఎందుకన్నారు?"

"అది..."

"నాను సెప్తానుండు మావా. ఓనరు మనిసి మోహిత్ బాబొచ్చేడమ్మా, మొదటి రోజే. ఈయనకి తెలివొచ్చీ రాకుండానే. బ్రేకు బాగోనేదని తెలిసి బండి తీసేవంటే కావాలని సంపినట్టు రాత్తారు, జన్మలో బయటికి రావు. నిద్దరొచ్చినాదంటే సిన్న కేసు, నాం సూసుకుంటాం అన్నాడు. నానే సెప్పించేనమ్మా ఈయన సేత. ఈయన ఒద్దన్నాడు. నానే కాళ్ళట్టుకున్నాను."

"బ్రేకు బాగోలేదని ముందే తెలుసా?"

"ముందు రోజే ఓనరుగారికి సెప్పేనండి. బ్రేకు సరిగా పట్టడం నేదు, షెడ్డులో ఎట్టండని. సీజను గదా, ఈ ఒక్క ట్రిప్పు ఎయ్యి, వచ్చేక సూద్దాం అన్నారు."

"ఎవరైనా విన్నారా ఆ మాట?"

"మెకానిక్కు చంద్రమౌళి పక్కనే ఉన్నాడండి. తియ్యొద్దురా అని ఆడూ అన్నాడు. నానే తీసేను. తియ్యకపోతే ఇంకోడు తీత్తాడు గదా అని. నాది తప్పు నేదని అనను మేడం. తీసింది నానే."

"లారీ ఇంకా పోలీసు స్టేషను ఆవరణలోనే ఉంది. వచ్చేటప్పుడు చూసేను. బ్రేకులు విప్పి చూడమని నేను అడుగుతాను."

"ఒద్దమ్మా! నీకు పున్నెముంటాది. మాకు కోటవురట్లలో ముసిలోళ్ళున్నారు. ఈయన లోపలికెల్లిపోతే..."

"నిద్రపోయేడని రాస్తే మాత్రం లోపలికి వెళ్ళడా? వాళ్ళ బ్రేకు సంగతి దాచుకోడానికి మీ ఆయన్ని పడుకోబెట్టేరు, అంతే. నాకూ అది వద్దు. నా భర్త కునికిపాటు పడ్డవాడి చేతిలో పోయేడని రాసి ఉండడం నాకు వద్దు. మా అత్తగారికి నేను ఏం చెప్పాలి? ఆ డ్రైవరు మనవాణ్ణి చూడలేదమ్మా, ఎవరైనా ఉన్నారేమోనని పక్కకి తప్పుకున్నాడు అని చెప్పాలా వద్దా?"

"...సెప్పండమ్మా. అది సెప్పండి."

"మేడం."

"చెప్పండి పోతురాజు గారూ."

"ఒకటడుగుతాను. కోప్పడకండి."

"అడగండి."

"మీరు ఇందాక సట్టరన్నారు. సట్టర్ని కొట్టుంటే దుమ్మే వచ్చేదన్నారు."

"మావా, ఎందుకయ్యా ఇప్పుడది?"

"నాకు తెలియాల. సదువుకున్నోరు, అన్నీ కొలిసినోరు, ఇంకెవర్ని అడగను? కళ్ళు మూత్తే పిల్లరు, తెరిత్తే సట్టరు. సూది మందిచ్చినా అదే. నాను స్టీరింగు రెండోసారి కొయ్యకుండా ఉంటే, సట్టర్లోకే పోనిచ్చుంటే, ఆ బాబు బతికీవోరా? సెప్పండి మేడం. ఏదైనా ఒకటే. సెప్పీసి ఎల్లండి."

"నూకరత్నం గారూ, ఇందాక నీళ్ళిస్తానన్నారు."

"ఇదిగోనమ్మా. గ్లాసు కడిగిందే."

"మేడం..."

"లేదు."

"నేదా?"

"బతికేవాడు కాదు."

"మరి దుమ్మే వత్తాదని..."

"అది కోపంలో అన్నాను. కోపంలో వేసిన లెక్క అది. షట్టరు రేకు మెత్తగా నలిగిపోదు పోతురాజు గారూ. ముక్కలు ముక్కలుగా చీలి లోపలికి విసురుతుంది. ఆ మిషన్లన్నీ ఇనపవి కదా, మీ లారీ తోస్తే తూటాల్లా వెళ్ళి మూలకే పడేవి. ఆ గదిలో ఆయన ఎక్కడున్నా తప్పించుకోడానికి చోటు లేదు."

"దెబ్బ సిన్నదవుద్దన్నారు గదండీ, ఇసక గుట్ట లాగ."

"బిల్డింగుకి. ఇందాక నేను చెప్పింది బిల్డింగు సంగతి. మనిషి సంగతి కాదు."

"అంటే ఎటు తిప్పినా..."

"ఎటు తిప్పినా అంతే."

"ఎటు తిప్పినా."

"ఆ. మీరు తిప్పడం వల్ల పోయిందేమీ లేదు. తిప్పడం వల్ల ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల స్కూలుకి వెళ్ళింది. అది గుర్తుపెట్టుకోండి. పిల్లరు సంగతి ఇంక వదిలేయండి."

"మావా, ఏడవకయ్యా. పక్కటెముకలు. ఏడిత్తే నొప్పెడతాది. మావా!"

"ఏడవనివ్వండి. నొప్పెడితే పెట్టనివ్వండి. నేను వెళ్తాను."

కృపాజ్యోతి సంచీ భుజానికి తగిలించుకుని వార్డు దాటింది. మెట్ల దగ్గర నూకరత్నం ఆమెను అందుకుంది.

"అమ్మా! ఆగండమ్మా. సెప్పులేసుకోకుండానే ఒచ్చీసేను."

"ఆయన్ని వదిలేసి వచ్చేరేం?"

"తొంగున్నాడమ్మా. ఏడిసి ఏడిసి అలగే కళ్ళు మూసేడు. మొహం ఇటు తిప్పుకుని, నోరు తెరిసి, మా పెళ్ళైన కొత్తలో పడుకున్నట్టు పడుకున్నాడు. ఇక్కడికొచ్చేక ఒక్క రాత్రి సరిగా నిద్దరోనేదు. అదేటి సిత్రమో, నిద్దరోయేడని ఊరంతా సెప్పింది నానే."

"పడుకోనివ్వండి. లేపకండి."

"అమ్మా, మీరు పోలీసు టేషనికి ఎల్తారా?"

"ఇటునుంచి అటే వెళ్తాను. గీత సంగతి, స్పీడు సంగతి, బ్రేకు సంగతి చెప్తాను. ఆ బస్టాపులో నిలబడ్డవాళ్ళని అడుగుతాను. బండి మా మీదికి వస్తూ వస్తూ తిరిగిందని వాళ్ళలో ఒక్కరైనా చెప్తారు. అడిగినవాళ్ళు లేక చెప్పలేదు గానీ."

"చంద్రమౌళి సెప్తాడో సెప్పడో..."

"మీరు అడగండి. నేను అడిగితే భయపడతాడు. మీరు అడిగితే సిగ్గుపడతాడు."

"అడుగుతానమ్మా. ఆ మోహిత్ బాబొచ్చినా సెప్పేత్తాను, ఇంక నిద్దర మాట మాటాడొద్దని. ఏటైతే అదయ్యింది. శిచ్చ పడతాదంటారా?"

"తెలీదు నూకరత్నం గారూ. బ్రేకు లేని బండి తీసేడు. పడకుండా ఉండదేమో. కానీ చేసిందానికి పడుతుంది, చెయ్యనిదానికి కాదు."

"మీరొచ్చి సాచ్చికం సెప్తారా మరి? ఆ బాబు పెళ్ళామై ఉండి, మా ఆయన పక్క సెప్తారా?"

"ఎవరి పక్కా కాదు. ఏం జరిగిందో అది చెప్తాను."

"మీరు సల్లగుండాల. అమ్మా, ఒక్క మాట. కోర్టులో ఈయనా ఉంటాడు గదా. ఎదుటి ప్లీడరో, జడ్జీగారో అడుగుతారేమో, సట్టర్ని కొట్టుంటే ఆ బాబు బతికీవోడా అని. అప్పుడు కూడా, ఇందాక సెప్పేరు సూడండి, ఎటు తిప్పినా అంతే అని. అలగే సెప్పండమ్మా. ఈయన ఇంకోసారి ఇంటాడు."

"ఆ ఒక్కటీ నన్ను అడక్కూడదని మీ నూకాలమ్మకి మొక్కుకోండి. నేనూ చర్చిలో ప్రార్థన చేసుకుంటాను. దేవుడి మీద ప్రమాణం చేసేక ఆ అబద్ధం నాకు మళ్ళీ రాదు నూకరత్నం గారూ."